క్రైమ్ థ్రిల్లర్ సిరీస్‌లో సశేషం ఎక్కడ వేయాలి: ఏ క్లిఫ్‌హ్యాంగర్ ఎప్పుడు పనిచేస్తుంది

క్రైమ్ థ్రిల్లర్ సిరీస్ రాసేవాళ్లు చివరి సీన్ దగ్గరికొచ్చేసరికి ఎంత పెద్ద షాక్ ఇద్దామా అన్న ఆలోచనలో పడిపోతారు. నేనైతే ముందు ఒక్కటే అడుగుతాను: తర్వాతి భాగం కోసం చూసేవాళ్లు ఎన్నాళ్లు ఆగాలి? పేజీ తిప్పితే వచ్చేస్తుందా, వారం ఆగాలా, ఏడాదిన్నర ఆగాలా? ఇది తేలితే ఏ రకం క్లిఫ్‌హ్యాంగర్, అంటే కథని ఉత్కంఠ మధ్యలో ఆపేసే ముగింపు, కావాలో సగం తేలిపోయినట్టే. ఒక్కో రకం ఉత్కంఠకి ఒక్కో ఆయుష్షు ఉంటుంది, కొన్ని గంటలో చల్లారిపోతాయి, కొన్ని రెండేళ్లయినా మనసులో నలుగుతూనే ఉంటాయి.

ఊరికే రకాల పేర్లు చెప్పుకుంటూ పోతే ఏమీ అర్థం కాదు కాబట్టి ఒక సీన్ అనుకుందాం. ఒక అమ్మాయి హత్య కేసు. చనిపోయిన అమ్మాయి ఫోన్ సీజన్ మొత్తం వెతికినా దొరకలేదు. ఒకతను నేరం ఒప్పుకున్నాడు, జైలుకెళ్లాడు, కేసు ముగిసింది. దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టర్ ఆ రాత్రి వాళ్ల అన్నయ్య ఇంటికి భోజనానికి వెళ్లింది. చేతులు కడుక్కుని వస్తూ, ఇన్నాళ్ల అలవాటు కొద్దీ, ఆ నంబర్‌కి మళ్లీ ఒకసారి డయల్ చేసింది. ఎప్పుడు చేసినా స్విచ్ఛాఫ్ అని వచ్చే ఫోన్ ఈసారి రింగయింది, అదీ పక్కగదిలో. వెళ్లి అల్మరా తీస్తే మడతపెట్టిన దుప్పట్ల వెనక ఛార్జర్‌కి పెట్టి ఉన్న ఫోన్, దాని స్క్రీన్ మీద ఆమె నంబరే. హాల్లోంచి అన్నయ్య గొంతు, "ఎవరికమ్మా ఫోన్?" ఆమె కాల్ కట్ చేసి, ఛార్జర్ పీకి, ఆ ఫోన్‌ని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్ లాగింది. "రాంగ్ నంబర్ అన్నయ్యా."

ఈ సీన్‌ని ఎక్కడ ఆపినా టెన్షన్ ఉంటుంది. కాకపోతే ఆపిన చోటుని బట్టి, టీవీ కట్టేశాక తలలో తిరిగే ప్రశ్న మారిపోతుంది. ఎంపిక అంతా అక్కడే ఉంది.

ఫోన్ మోగగానే ఆపితే

పక్కగదిలో రింగ్ వినపడింది, ఆమె తల తిప్పింది, తెర నల్లబడింది. ఇది 'ఎవరు' అన్న ప్రశ్న మీద నడిచే ముగింపు. రాయడం తేలిక, ప్రచారానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫోన్ దాచింది అన్నయ్యా, వదినా, కాలేజీకెళ్లే వాళ్ల అబ్బాయా అని ఎవరికి తోచిన లెక్క వాళ్లు కడతారు, పందేలు కాస్తారు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికన్ సీరియల్ డాలస్. నిజానికి అది క్రైమ్ కథ కాదు, ఒక చమురు వ్యాపార కుటుంబం గొడవలు. 1980 మార్చి 21న సీజన్ చివర్లో జె.ఆర్. అనే పాత్రని ఎవరో తుపాకీతో కాల్చారు, కాల్చింది ఎవరో చూపించలేదు. మధ్యలో నటీనటుల సమ్మె కూడా రావడంతో ఎదురుచూపు ఇంకా సాగి, జవాబు నవంబర్ 21న గానీ రాలేదు. ఆ రాత్రి అమెరికాలో దాదాపు 8.3 కోట్ల మంది ఆ ఎపిసోడ్ చూశారు. ఎనిమిది నెలలు ఆగమంటే జనం విసిగిపోలేదు, ఎగబడి చూశారు.

అదే 'ఎవరు' ప్రశ్న 2011లో ద కిల్లింగ్ అనే క్రైమ్ సిరీస్ అమెరికన్ వెర్షన్‌కి బెడిసికొట్టింది. రోజీ లార్సెన్ అనే అమ్మాయిని ఎవరు చంపారన్నదే మొదటి ఎపిసోడ్ నుంచీ కథ, ప్రచారం కూడా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే చేశారు. తీరా పదమూడు ఎపిసోడ్లు కూర్చుని చూసినవాళ్లకి చివర్లో హంతకుడి పేరు చెప్పకుండా ఇంకో మలుపు తిప్పి ఆపేశారు. విమర్శకులూ ప్రేక్షకులూ మండిపడ్డారు. ఆ పేరు 2012లో రెండో సీజన్ చివర బయటపడింది, అప్పటికి చాలామందికి ఆసక్తే పోయింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని రాసేవాళ్లందరికీ చెప్తుంటాను. డాలస్‌లో ఆ ప్రశ్న పుట్టిందే ఆఖరి నిమిషంలో, కాబట్టి అప్పటిదాకా చూసినవాళ్లకి రాసినవాళ్లు పడిన బాకీ ఏమీ లేదు. కిల్లింగ్‌లో బాకీ మొదటి రోజే పడింది, వారం వారం వడ్డీ పెరిగింది, తీర్చాల్సిన రోజున వాయిదా అడిగారు. అందుకే సీజన్ మొదట్లో అడిగిన ప్రశ్నకి ఆ సీజన్‌లోనే జవాబు చెప్పేయాలి, క్లిఫ్‌హ్యాంగర్‌కి వాడేది కొత్త ప్రశ్న అయ్యుండాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మన సీన్‌లో ఒకతను నేరం ఒప్పుకున్నాడు, అంటే ఒక జవాబు చేతికొచ్చింది, ఆ తర్వాతే ఫోన్ మోగి దాన్ని కదిలించింది. అయితే ఆ ఒప్పుకోలు నమ్మేలా ఉండాలి, సాక్ష్యాలతో సహా. ఎటూ కాని మనిషిని పట్టుకొచ్చి వీడే హంతకుడు అని రెండు నిమిషాల్లో తేల్చేసి తర్వాత ఫోన్ మోగిస్తే చూసేవాళ్లకి ఆ తొందర ఇట్టే తెలిసిపోతుంది.

వెనక నుంచి దెబ్బ పడగానే ఆపితే

అల్మరాలోకి వంగింది, వెనక నీడ కదిలింది, తల మీద దెబ్బ, చీకటి. ప్రాణాపాయం రకం ఇది. అధ్యాయం చివరకి, వారం వారం వచ్చే ఎపిసోడ్ చివరకి దీన్ని మించింది లేదు, నిజంగానే నరాలు తెగేంత పని చేస్తుంది. సీజన్ చివర మాత్రం వద్దంటాను. ఎందుకంటే ఆవిడ బతుకుతుందని అందరికీ తెలుసు, సిరీస్ ఆవిడది కదా. మర్నాటికల్లా ఆ భయం పోతుంది, ఆ తర్వాత ఏడాదిపాటు మోయడానికి ఏమీ మిగలదు.

అయినా ప్రాణాపాయంతోనే సీజన్ ముగించాలని పట్టుదలగా ఉంటే బీబీసీ వాళ్ల షెర్లాక్ సిరీస్ చేసిన పని గమనించండి. 2012 జనవరిలో రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో షెర్లాక్ హోమ్స్ భవనం మీంచి దూకేస్తాడు, అంత్యక్రియలు కూడా అయిపోతాయి. అక్కడే ఆపి ఉంటే పాత ప్రశ్నే, బతికాడా లేదా అని. కానీ చివరి షాట్‌లో స్మశానంలో దూరంగా నిలబడి చూస్తున్నట్టు మనకి చూపించేశారు. దాంతో ఉన్నాడా పోయాడా అన్న సందేహం తీరిపోయి, ఎలా తప్పించుకున్నాడన్న ప్రశ్న పుట్టింది. 2014 జనవరి దాకా, రెండేళ్లు, జనం ఆ 'ఎలా' మీద రకరకాల సిద్ధాంతాలు అల్లుకుంటూ కూర్చున్నారు. చావు బతుకుల సస్పెన్స్‌ని వాళ్లే తీసేశారు, సీజన్ నిలబడింది.

దీనికి మూలమైన కథలో, 1893 డిసెంబర్‌లో, కోనన్ డాయల్ హోమ్స్‌ని జలపాతంలో పడేసినప్పుడు అది క్లిఫ్‌హ్యాంగరే కాదు, ఆయన పాత్రని నిజంగానే వదిలించుకోవాలనుకున్నారు. అయినా పదేళ్లకి, 1903లో, వెనక్కి తీసుకురాగలిగారంటే కారణం ఒకటే: శవాన్ని ఎవరూ చూడలేదు. హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కి దొరికినవి అడుగుజాడలు, ఒక ఉత్తరం. మీ పాత్ర మళ్లీ రావచ్చు అన్న ఆలోచన ఏ మూలన ఉన్నా ఆ తలుపు అలా కాస్త తెరిచి పెట్టుకోండి. శవాన్ని చూపించాక బతికించారంటే మాత్రం మీ సిరీస్‌లో ఇంకే చావూ ఎవరూ నమ్మరు.

ఇంకో హెచ్చరిక. పాత కాలం సినిమా సీరియళ్లలో కారు లోయలో పడిపోవడంతో ఆపేసి, వచ్చే వారం అదే సీన్‌ని కొద్దిగా మార్చి, పడేలోపే హీరో దూకేసినట్టు చూపించేవాళ్లు. అప్పట్లో ఎపిసోడ్ వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు కాబట్టి చెల్లిపోయింది. ఇప్పుడు రెండు షాట్లూ పక్కపక్కన పెట్టి పట్టేస్తారు.

ఫోన్ కళ్లారా చూశాక ఆపితే

దుప్పట్ల వెనక ఫోన్, స్క్రీన్ మీద తన నంబర్, ఆమె మొహం. కట్. ఇది నిజం బయటపెట్టి ఆపే రకం. దాచడం లేదు, చెప్పేస్తున్నాం. నాకు 'ఎవరు' కంటే ఇది బాగా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ చూసేవాళ్లు ముందుకే కాదు, వెనక్కి కూడా వెళ్తారు. అన్నయ్య మూడో ఎపిసోడ్‌లో కేసు గురించి అన్నిసార్లు ఎందుకడిగాడు? ఆ రాత్రి ఊళ్లో లేనన్నాడు, మరి చెప్పులకి ఆ బురద ఏంటి? అని మొత్తం మళ్లీ చూస్తారు. వెనక్కి వెళ్లి చూస్తే ఆనవాళ్లు దొరకాలి, అదీ షరతు. ఒక్కటైనా ముందే వేసి ఉండకపోతే ఈ ముగింపు జోలికి పోకండి, చెవిలో పువ్వు పెట్టినట్టే ఉంటుంది.

ఆనవాళ్లే కాదు, సాంకేతికంగా కూడా నిలబడాలి. మన సీన్‌నే చూడండి. హత్య కేసులో మాయమైన ఫోన్ ఐఎంఈఐ నంబర్‌ని, అంటే ఒక్కో హ్యాండ్‌సెట్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబర్‌ని, పోలీసులు నిఘాలో పెడతారు. సిమ్ మార్చినా సరే, ఆ ఫోన్ ఆన్ అయి నెట్‌వర్క్ పట్టుకోగానే ఏ టవర్ పరిధిలో ఉందో ఆపరేటర్ దగ్గర రికార్డవుతుంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదు? ఇన్నాళ్లూ ఆఫ్‌లోనే ఉంది, సరే. ఈ రాత్రే ఎందుకు ఆన్ అయింది? క్రైమ్ కథలు చదివేవాళ్లు చాలా చురుకైనవాళ్లు, మొదట అడిగేది ఇదే. దీన్ని లోపంలా దాచేయకండి, ప్రశ్నలా వాడుకోండి. కేసు ముగిసింది కదా, నిఘా ఎత్తేశారు కదా అని ఎవరో ధైర్యంగా ఛార్జింగ్ పెట్టారు. అంటే నిఘా సంగతి తెలిసినవాళ్లు. ఆ సంగతి వాళ్లకి ఎవరు చెప్పారు? ఇంట్లో కబుర్లలో ఆమే చెప్పి ఉండాలి. ఇక్కడికొచ్చేసరికి రెండో సీజన్‌కి కథ దానంతటదే తయారైపోతోంది.

ఈ రకం ఆయుష్షు కొన్ని నెలలు. రహస్యం బయటపడిపోయింది కాబట్టి, చూడనివాళ్లకి ఎవరో ఒక్క వాక్యంలో చెప్పేస్తే మొత్తం తేలిపోతుంది, ఆ ప్రమాదం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

"రాంగ్ నంబర్" అన్నాక ఆపితే

నన్నడిగితే సీజన్ చివరకి ఇదే. ఫోన్ దొరికింది, ఎక్కడ దొరికిందో తెలుసు, ఆమె ఏం చేసిందో కూడా చూశాం. ఏమీ దాచలేదు. పది ఎపిసోడ్లు నిజాయితీకి మారుపేరులా తిరిగిన మనిషి సాక్ష్యాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని అన్నం ముందు కూర్చుంది. ఆ జిప్ శబ్దం తర్వాత చూసేవాళ్ల తలలో ఒక్క ప్రశ్న కాదు, నాలుగైదు లేస్తాయి. అన్నయ్యని కాపాడుతోందా, సమయం కోసం చూస్తోందా? జైల్లో ఉన్నతను నిర్దోషి అయితే? రేపు పొద్దున స్టేషన్‌లో తన కింద పనిచేసే కుర్రాడి మొహం ఎలా చూస్తుంది? అన్నిటికంటే పెద్దది, ఆ చోట మనముంటే ఏం చేస్తాం?

'ఎవరు' అన్నదానికి ఒక పేరు చెప్తే తీరిపోతుంది. 'ఎందుకు', 'ఇప్పుడేం చేస్తుంది' అన్నవి పేరుతో తీరవు, వాటికి మనిషి మొత్తం కావాలి, అందుకే ఎక్కువ కాలం నిలుస్తాయి. క్రైమ్ థ్రిల్లర్ కాకపోయినా మనందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. బాహుబలి మొదటి భాగం చివర పొడిచింది కట్టప్ప అని తెర మీదే చూపించేశారు, దాచలేదు. మిగిలింది 'ఎందుకు' ఒక్కటే. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా, దాదాపు ఇరవై రెండు నెలలు, ఆ ఒక్క ప్రశ్న జనం నోళ్లలో నానింది. చంపిన మనిషి మొహం దాచిపెట్టి ఉంటే ఏదో ఒక రోజు ఎవరో సరిగ్గా ఊహించేవాళ్లు, అక్కడితో సరి. నమ్మిన బంటు అన్న సంగతి ముందు బాగా నాటి, తర్వాత అతని చేతే పొడిపించారు కాబట్టి పేరు తెలిశాక ప్రశ్న ఇంకా పెద్దదైంది.

నిర్ణయం దగ్గర ఆపే ముగింపుకి ఇంకో బలం ఉంది, దీని గురించి చాలామంది ఆలోచించరు. తర్వాతి సీజన్ రాకపోతే ఏంటి? సిరీస్‌లు రద్దవుతాయి, ప్రచురణకర్తలు వెనక్కి తగ్గుతారు, రచయితకే ఏదైనా కావచ్చు. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ ఎడ్విన్ డ్రూడ్ నవలని 12 భాగాలుగా మొదలుపెట్టి, 6 భాగాలకి సరిపడా రాసి 1870 జూన్‌లో చనిపోయారు. డ్రూడ్‌కి ఏమైందో, ఎవరు చేశారో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 'ఎవరు' దగ్గర ఆగిపోయిన కథ ఎప్పటికీ సగం కథే. ఆమె అబద్ధం చెప్పి అన్నం ముందు కూర్చోవడం దగ్గర ఆగిపోతే? బాధగా ఉంటుంది గానీ అది కూడా ఒక ముగింపే, ఒక మంచి మనిషి గీత దాటిన కథ.

ఇబ్బంది ఏంటంటే ఇది రాయడం కష్టం. ఆ అన్నాచెల్లెళ్ల మధ్య ప్రేమ సీజన్ పొడవునా కనపడాలి. అన్నయ్య ఆఖరి ఎపిసోడ్‌లోనే మొదటిసారి ప్రత్యక్షమైతే ఈ సీన్‌లో ప్రాణం లేదు, చప్పగా తేలిపోతుంది. 1920ల చివర బెర్లిన్‌లో మరియా ఓవ్‌సియాంకినా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో, మధ్యలో ఆపించిన పనిని చాలామంది ఎవరూ చెప్పకుండానే మళ్లీ అందుకున్నారు. క్లిఫ్‌హ్యాంగర్ అంతా దీనిమీదే నడుస్తుంది, కానీ వాళ్లు అప్పటికే ఆ పనిలో దిగి ఉన్నారన్నది మర్చిపోకూడదు. కథలోకి ఇంకా దిగని మనిషిని ఎంత పెద్ద మలుపు దగ్గర ఆపినా లేచి వెళ్లిపోతాడు.

మనకి తెలుసు, ఆమెకి తెలియదు

ఆమె జిప్ లాగుతుంటే గుమ్మంలో అన్నయ్య నిలబడి చూస్తున్నాడు, ఆమె గమనించలేదు. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ బల్ల కింద బాంబు గురించి చెప్పింది ఇదే: బాంబు ఉందని ప్రేక్షకులకి తెలియకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం, ముందే చెప్తే పదిహేను నిమిషాల సస్పెన్స్. ఎపిసోడ్ చివరకి అద్భుతం. ఏడాది విరామానికి మాత్రం సరిపోదు, ఎందుకంటే ఈ టెన్షన్ గడియారంతో పాటు నడిచేది, కథ ఆగితే అదీ ఆగిపోతుంది.

మరి మీకేది?

వారానికో భాగం రాస్తుంటే ప్రాణాపాయం, మనకి మాత్రమే తెలిసిన రహస్యం, ఈ రెండింటినీ మార్చి మార్చి వాడండి, వరసగా మూడు వారాలు ఒకే రకం వేస్తే చదివేవాళ్లు ముందే పసిగట్టేస్తారు. మధ్యలో ఒక వారం ఏ మలుపూ లేకుండా మామూలుగా ముగించినా నష్టం లేదు, ఆ తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఎపిసోడ్లన్నీ ఒకేరోజు విడుదలయ్యే వెబ్ సిరీస్ అయితే మధ్య ఎపిసోడ్ల చివర పెద్ద మలుపులు వృథా చేసుకోకండి. తర్వాతి ఎపిసోడ్ కొన్ని సెకన్లలో దానంతటదే మొదలవుతుంది, అక్కడ చిన్న కుతూహలం చాలు. మీ బలమంతా ఆఖరి సీన్‌కి దాచుకోండి, అక్కడ నిజం బయటపెట్టడమో నిర్ణయమో పెట్టండి.

నవలల సిరీస్ అయితే నా సలహా ఇంకాస్త కఠినంగా ఉంటుంది. పుస్తకం కొన్నవాళ్లు ఒక పూర్తి కేసు కోసం కొన్నారు, రెండో పుస్తకం ముందు దొరికి మొదటిది తర్వాత చదివేవాళ్లు కూడా ఉంటారు. ఆ కేసు ఆ పుస్తకంలోనే పూర్తిగా ముగించండి. ఆమె ఫోన్ చేయనే చేయదు, హాయిగా భోజనం చేసి వెళ్లిపోతుంది, చివరి పేరాలో అల్మరాలో ఓ చిన్న పచ్చలైటు వెలుగుతూ ఉంటుంది, అంతే. ఒక పోగు మాత్రం బయటికి వదిలారు. చదివినవాళ్లు తృప్తిగా పుస్తకం మూస్తారు, అయినా రెండోది అడుగుతారు.

ఏది ఎంచుకున్నా, ఖాయం చేసే ముందు తర్వాతి భాగం మొదటి రెండు పేజీలు రాసి చూడండి. అవి రాయడానికి తడుముకుంటున్నారంటే, లేదా దెబ్బ కొట్టింది పిల్లి తోసేసిన పెట్టె అని తేల్చాల్సి వస్తోందంటే, ఆ సీన్‌ని ఇంకో పది సెకన్లు సాగనిచ్చి ఆపండి. చాలాసార్లు అసలైన ముగింపు మీరు ఆపాలనుకున్న చోటు దాటి కొంచెం అవతలే ఉంటుంది. రెండో సీజన్ వస్తుందో రాదో తెలియని పరిస్థితి అయితే ఇక ఆలోచించక్కర్లేదు, జిప్ లాగేదాకా వెళ్లి అక్కడ ఆపేయండి.